దా

మా కోడలు గలీనా పొద్దున ఏడింటి బస్సుకు
ఒంగోలు ఆస్పత్రికి డ్యూటీకి పోద్ది.
రాత్రి తొమ్మిదింటికి దిగేసరికి
వరమ్మ నిద్రలో ఉంటది.
ఆ నిద్రపోయే చెవిలోనే చెప్పుకుంటది తన భాష,
మెల్లగా, దొంగసొమ్ము దాచినట్టు.

బిడ్డ పేరు వాళ్ళ లెక్కలో వార్వర. మా నోట్లో వరమ్మ.
నాలుగో ఏడు.
అంగన్‌వాడీకి పొయ్యొస్తా పొయ్యొస్తా
ఉన్న నాలుగు రష్యన్ మాటలూ దారిలో రాల్చుకుంది.
మొన్న ఫోనులో ఆడి అమ్మమ్మ ఏందో అడిగితే
"నాకు రాదు పో" అనేసింది, నిఖార్సయిన కందుకూరు తెలుగులో.
గలీనా ఫోను బోర్లించి పెట్టి
తోమిన గిన్నెనే మళ్ళీ తోమతా కూర్చుంది.

ఆ రాత్రి నేనే అడిగా:
"రోజుకు అయిదు మాటలు నాకు నేర్పి పోమ్మా.
తక్కింది నేను చూసుకుంటా."

అయిదో తరగతితో బడి మానినదాన్ని.
ముప్పై ఏళ్ళు పొగాకు కంపెనీలో గ్రేడింగు.
ఆకును వేళ్ళ మధ్య నలిపి
ఏ బ్యారన్‌లో ఎంత మంట తగిలిందో చెప్పేదాన్ని.
ఆ దేశం పోయే బేళ్ళ మీద నల్లరంగు అచ్చుల్లో
ఒక కాలు ముందుకేసి నిలబడ్డ మనిషిలాంటి అక్షరం ఉండేది.
ఇప్పుడు తెలిసింది, దాన్ని "యా" అంటారంట.
ఆ ఒక్క అక్షరానికే "నేను" అని అర్థమంట.
అన్నేళ్ళూ నా కళ్ళ ముందే
నేను, నేను, నేను అంటా లారీలెక్కి పోయింది.

కరెంటు బిల్లుల వెనక తెలుగులో రాసుకున్నా.
అమ్మ అంటే మామ. నాన్న అంటే పాప.
వరమ్మ నడివీధిలో మా వాణ్ణి "పాపా" అని కేకేస్తే
ఎదురింటి మస్తాన్‌బీ చెంగు నోట్లో కుక్కుకుంది.
ఇల్లేమో "దోమ్".
ఆ మాట మటుకు నిజమే,
వానలు పడితే మా ఇల్లు దోమలదే.
"ఎతో దోమ్." ఇది ఇల్లు.
నడిమధ్యన ఇంకే మాటా పెట్టరు, మనకు మల్లే.
ఇంగిలీషోళ్ళకే కావాల ఆ పుల్ల.

చేప కాడ ఇరుక్కున్నా.
"రీబా" అన్నా.
వరమ్మ దోసె ముక్క కింద పెట్టి నా మొఖం చూసింది.
"రీబా కాదు నాయనమ్మా."
"రూబా?"
"కాదూ!"
నా పెదాలు రెండు వేళ్ళతో సాగదీసింది,
గడ్డం కిందకి నొక్కింది.
"నాలిక లోపలికి. ఇంకా. కడుపులో నించి రావాల."
ఆ కూతకు మన యాభయ్యారు అక్షరాల్లో చోటు లేదు.
చిట్టీలో ఆ జాగాలో సున్న చుట్టి వదిలేశా.
మరిచిపోయిందనుకున్నది
ఏ మూల దాచుకుందో,
నన్ను దిద్దడానికి బయటికి తీసింది.
అప్పటినించీ వచ్చిన మాటలు గూడా తప్పే చెప్తన్నా.
కొన్ని కావాలని. చాలా మటుకు నిజంగానే.

వాళ్ళకొక అక్షరం ఉంది, దాన్ని పలకరు.
ముందున్న హల్లును మెత్తబరచడమే దాని పని.
మా అయ్యవారు అరసున్న దిద్దిస్తా
"నోటితో అనబాక, చేత్తో రాయి చాలు" అనేవాడు.
గలీనాకు ఇది చెప్పబోయి మాటలు చాలక
వరమ్మ పలక మీద అరసున్న గీసి చూపించా.
తను దాని పక్కనే ఆ మెత్త అక్షరం గీసి
రెంటికీ కలిపి చుట్టూ ఒక గీత తిప్పింది.
పొద్దున వరమ్మ దాన్ని గుడ్డు అనుకుని రెక్కలు పెట్టింది.

ఆదివారం మళ్ళీ ఫోను.
ఆమె వెనక కిటికీలో మంచు, నా వెనక దండెం మీద చీరలు.
వరమ్మ చేప గురించి ఏదో పెద్ద కథే చెప్తంది.
ఆ ముసలామె కళ్ళొత్తుకుంటా "దా, దా" అని తల ఊపతంది.
వాళ్ళకు దా అంటే అవును అని
చిట్టీలో రాసుకున్నదాన్నే,
అయినా రమ్మని పిలుస్తన్నట్టే ఉంది నాకు.
"నువ్వే దామ్మా" అన్నా గట్టిగా,
"సింగరాయకొండలో రైలు దిగితే అరగంట బస్సు. దా!"
"దా," అందామె నవ్వి.

వరమ్మ ఆమెనూ నన్నూ మార్చి మార్చి చూసి
"మీ ఇద్దరికీ రాదు" అని
ఫోను లాక్కుంది.