ఎనిమిదింతలు చాలు

చిత్తూరు బజారు వీధిలో అంగడి.
పన్నెండింతలు చూపించే దుర్భిణి
చేతికిచ్చినాడు సర్దార్ సాయిబు.
మెట్ల మీంచి చూస్తే
ఎదురు మిద్దె మీద ఆరేసిన లుంగీ,
దాని గళ్లు, గళ్లలో ఒక పోగు.
ఆ పోగు వణకతా ఉండాది.

గాలి లేదే అన్నాను.
"లుంగీ కాదు రెడ్డెప్పా, నీ చెయ్యి.
అద్దం దేన్నైనా పెద్దది చేస్తుంది,
వణుకుని కూడా."

మా నాయనకి కుడి కనుబొమ్మ మీద
నెలవంక మచ్చ ఉండేది.
లైసెన్సు తుపాకీకి కొత్త స్కోపు బిగించి
కన్ను మరీ ఆనించి
అడవిపందిని కాల్చిన రాత్రిది.
తుపాకీ వెనక్కి తన్నింది.
పంది శెనక్కాయ చేను దాటుకుని పోయింది.
చచ్చేదాకా అనేవోడు:
కంటికీ అద్దానికీ నడుమ
నాలుగు వేళ్ల ఎడం ఉండాల్రా.

నాకు కాల్చే పని లేదు.
పలమనేరు అవతల అడవి అంచున
ఏనుగులు టమాటా చేలల్లోకి దిగకముందే
ఎన్ని, గున్న ఉందా, ఒంటి దంతాలదా
చూసి ఊరికి ఫోను చెయ్యాల.

"అట్లయితే దీని నోరు చూడు" అన్నాడు,
"వెడల్పు. సందేళ మిగిలిన
పిసరంత వెలుతురునీ వదలదు."

ఎనిమిదింతలది తీసుకున్నా.
మూడొందలు తగ్గించి
మెడతాడు ఊరికే ఇచ్చినాడు.

ఆ పొద్దే, ఆరున్నరకి,
చింతతోపు వెనక
బూడిదరంగు చెవి ఒకటి కదిలింది.
అది నా వణుకు కాదు.

ఫోను తీసినాను.
అప్పుడు మొదలైంది, చెయ్యి.