ఏడు తర్వాత చాలా

మంగోలియా పడమటి కొండల్లో, డిసెంబరు నెలాఖరున
ఉన్ని గుడారం ముందు మోటారుసైకిలు ఆపాను.
లోపల పొయ్యిలో పిడకలు ఎర్రగా కాలుతున్నాయి.
ఉప్పు వేసిన పాల టీ అందించింది త్సెర్మా.
గిన్నె పట్టుకుంటేగానీ తెలియలేదు
నా వేళ్ళు ఇంకా నావేనని.

పశువుల లెక్క రాసుకునే ఉద్యోగం నాది.
గుర్రాలు, యాక్‌లు, ఒంటెలు, మేకలు, గొర్రెలు:
ఐదు గడులు, కింద ఇంటిపెద్ద సంతకం.
ఇరవైరెండేళ్ళుగా ఒక్క తప్పూ పోలేదని
జిల్లా ఆఫీసులో నాకో పేరు.

పొద్దువాలుతుంటే మంద దిగింది
మంచే లేచి నడిచొస్తున్నట్టు.
దొడ్డి వాకిట నిలబడి
పదికో గులకరాయి చొప్పున ఈ జేబులోంచి ఆ జేబులో వేశాను.
మూడువందల పన్నెండు.
"పొద్దున తోలినప్పుడూ అంతే," అన్నాడు ముసలి లువ్సన్.
కలం మూత తీశాను. సిరా గడ్డకట్టింది.
నోటి దగ్గర పెట్టుకుని ఊదుతున్నాను.

అప్పుడు దొల్గోన్.
నాలుగు దాటి ఐదు నిండనివాడు,
తాత పాత టోపీ కళ్ళమీదికి జారుతుంటే
మణికట్టుతో ఎగదోసుకుంటూ కంచె మీద కూర్చున్నవాడు:
"నవ్వు చెవిది రాలేదు."
ఎవరూ వినలేదు.
"ఇంకేదో వచ్చింది. అది మనకి చుట్టం కాదు."

లెక్క సరిపోయింది నాన్నా, అన్నాను,
పిల్లలకోసం పెద్దవాళ్ళు దాచుకునే ఆ తేనె గొంతుతో.
నువ్వు లెక్కపెట్టావా?
పెట్టాడు. చేతి తొడుగు విప్పి
ఒకటి, రెండు, నాలుగు, మూడు, ఏడు...
ఏడు దగ్గర ఆగి, మందనంతా ఓసారి చూసి
"చాలా," అన్నాడు.

నవ్వాం. త్సెర్మా నవ్వలేదు.
వసంతంలో ఈనినప్పుడూ ఇంతే, అంది,
రాత్రికి రాత్రి నలభై పిల్లలు పుట్టి
తల్లులు తమ బిడ్డల్నే తన్నేస్తుంటే
వీడు చీకట్లో ఒక్కోదాన్నీ మోసుకెళ్ళి
దాని తల్లి పొదుగు కిందే పెట్టాడు.
ఎవరూ నేర్పలేదు. నేర్పడానికి మాకెవరికీ రాదు.
ఎలా తెలుసురా అంటే
నేను నీకెలా తెలుసు, అంటాడు.

లాంతర్లతో దొడ్లో దిగాం.
నా కంటికి అంతా ఒకే ఉన్ని, ఒకే ఊపిరి.
వాడు కాళ్ళ సందుల్లోంచి దూరి
ఒకదాని మెడ కావలించుకున్నాడు. "ఇది."
వీపు మీద మంచు దులిపితే
పొరుగువాళ్ళ గుర్తు, వేలెడంత నీలం రంగు.

నడిరేయి లువ్సన్, నేను, కుక్క
వాగు గడ్డకట్టిన మలుపులో కనుక్కున్నాం దాన్ని,
కాలు మంచు పగులులో ఇరుక్కుని ఉంది.
ఎడమ చెవి కొసన చీలిక.
లాంతరు దగ్గరగా పెట్టి చూస్తే, ఒట్టు,
నవ్వుతున్నట్టే ఉంది.

వచ్చే ఏడు కాదు, ఆపై ఏడు
మా ఊరి బడిలో వేస్తారు వాణ్ణి.
హాస్టల్లో మంచానికో నంబరు ఉంటుంది.
అంకెలు నేర్పేది నా చెల్లెలే, మంచి టీచరు.
ఏడు తర్వాత ఎనిమిదని చెబుతుంది,
చెప్పాలి కూడా, నేను బతికింది ఆ ఎనిమిది మీదే.
అది వాడిలో ఎక్కడ కూర్చుంటుందో,
దానికి చోటివ్వడానికి లోపల ఏది లేచి వెళ్ళిపోవాలో
రాత్రంతా పొయ్యి పక్కన పడుకుని ఆలోచించాను.
తేలలేదు.

తెల్లారి నీలం గుర్తుదాన్ని పొరుగుకి తోలి
రిజిస్టరులో రాశాను:
గొర్రెలు, మూడువందల పన్నెండు.
రాత్రి రాయబోయిందీ అదే.
అంకెకి ఏమీ జరగలేదు.

బండి ఎక్కబోతుంటే దొల్గోన్ వచ్చి
టోపీ పైకి తోసుకుని
నా మొహంలోకి చాలాసేపు చూశాడు,
మచ్చ దగ్గర కాస్త ఆగి, కనుబొమల దగ్గర ఇంకాస్త ఆగి.
ఇన్నేళ్ళలో, ఇన్ని గుడారాల్లో
నన్నెవరూ అలా
లెక్కలోకి తీసుకోలేదు.