కాటా

గంగాచలం సరంగు తూగుతానంటాడు.
తాగి తూగడం కాదండీ,
నిజంగానే, కాటా మీద.

మా బారులో ఇంకా ఉందది.
టేకు దూలానికి ఇనప గొలుసు, గొలుసుకి అడ్డకర్ర,
రెండు పక్కలా నులకమంచమంత పళ్ళేలు.
పరాసువాళ్ళ నాడు గిడ్డంగి ఇది,
ఉప్పు తూచేవారట, నువ్వులు తూచేవారట, నీలిమందు కూడా.
ఓనరు దానికి సీరియల్ బల్బులు చుట్టించాడు.
ఒక పళ్ళెంలో ఖాళీ సీసాలు, రెండోదాంట్లో పిల్లి.

నేను బిల్లులు రాసే చోటే
అప్పటి గుమస్తా కూర్చునేవాడట.
బల్ల చెక్క అరిగి రెండు గుంటలు పడ్డాయి, మోచేతులవి.
నా మోచేతులు వాటిలో ఇమడవు.
నాకన్నా వెడల్పు మనిషై ఉంటాడు.

గోడలు ఇప్పటికీ ఉప్పు కక్కుతాయి.
ఏ రంగేసినా ఆర్నెల్లే,
పొక్కులు లేచి తెల్లగా రాలుతుంది గ్లాసుల్లోకి.
ఎదుర్లంక నించి వంతెన దాటొచ్చే కుర్రాళ్ళు,
యానాంలో రేటు తక్కువని వచ్చేవాళ్ళు,
గోడకి వేలు రాసి నాకుతారు,
మంచింగు దండగెందుకని.
అదే గోడ మీద మూడు గీతలు.
కిందది మొన్నటి వరద.
నడుమది ఎప్పటిదో ఎవరూ చెప్పరు.
పైది ఎనభయ్యారుది, స్టూలెక్కితేగాని అందదు.

వంతెన రాకముందు గంగాచలం పంటు నడిపేవాడు.
మనుషులు, మేకలు, పెళ్ళివారి బిందెలు, ఒకసారి ట్రాక్టరు.
ఎవరెక్కితే ఎన్నంగుళాలు మునుగుతుందో
చుక్కాని పట్టిన అరచేతికి తెలిసేదట.
"ఊరూరంతా తూచేను," అంటాడు మూడో పెగ్గుకి,
"నన్నే ఎవడూ తూచలేదు."
ఆస్పత్రిలో తూచారు కదా అంటే
"అది మిషనురా, దానికి నేనెవరో ఏం తెలుసు."

ఆ రాత్రి ధవళేశ్వరంలో రెండో హెచ్చరిక.
కరెంటు పోయింది. ఆరుగురం మిగిలాం.
వెనక రేవుకి పదకొండు మెట్లు,
ఎనిమిదింటికి నాలుగు కనపడ్డాయి, తొమ్మిదిన్నరకి ఒకటి.
రొయ్యలు వేపే కొప్పాడి మహాలక్ష్మి
స్టవ్వెత్తి నా బిల్లుల మీద పెట్టింది.
"తూచెయ్యండ్రా ఆ ముసిలోణ్ణి, ఎలాగూ పనేం లేదు."

పిల్లిని దింపాం. సరంగుని ఎక్కించాం.
గొలుసు మూలిగింది, తుప్పు రాలింది నెత్తిన.
గొంతుక్కూర్చున్నాడు పంటు అంచున కూర్చున్నట్టే,
తువ్వాలు తలకి చుట్టి, ముఖం నది వైపు.
తూకపు రాళ్ళు ఏనాడో పాతినప కింద పోయాయి,
బీరు కేసులు పెట్టాం.
ఒకటి. రెండు. మూడు.
తాతారావు సెల్‌ఫోను లైటు పట్టాడు.
నాలుగోది పెట్టేసరికి సరంగు గాల్లోకి లేచిపోయాడు.
ఓరి ఓరి అంటూ సీసాలు తీశాం ఒక్కొక్కటే,
ఐదు తీశాం, ఆరు, ఏడు,
ముల్లు నిలబడింది.

నీళ్ళు గుమ్మం కింద నించి వచ్చి
బెంచీ కాళ్ళు తడుముతున్నాయి.
"ఎంత?" అన్నాడు కళ్ళు మూసుకునే.
"మూడు కేసులు, ఐదు సీసాలు."
కాసేపు లెక్కేసుకున్నాడు.
"ఎమ్మార్పీ మీదా, మన యానాం రేటు మీదా?"

పడి పడి నవ్వాం.
మహాలక్ష్మి నవ్వలేదు.
ఒక సీసా తీసింది, ముల్లు వంక చూసింది,
మళ్ళీ అక్కడే పెట్టింది.
"మా ఇంటాయన్ని ఒడ్డుకి తెచ్చినప్పుడు
తడిబట్టల్తో కూడా ఇంతే ఉన్నాడు," అంది,
సరంగు దిగడానికి చెయ్యందించింది.

పొద్దున్న ఓనరు బురదలో నడుచుకుంటూ వచ్చి
పుస్తకం తిప్పాడు.
"గంగాచలం, మూడు కేసులు, ఐదు సీసాలు.
ఇదేవిట్రా, డబ్బేదీ?"
సరుకంతా ఇక్కడే ఉందండీ,
తూచామంతే, అన్నాను.
అప్పటికే పిల్లి
తన పళ్ళెంలోకి ఎక్కేసింది.