ఎడమ పక్క ఉన్ని

గొర్రెకి ఒకపక్కే ఉన్ని కత్తిరించి వదిలేశాడట.
ఒకవైపు నున్నగా, రెండోవైపు మబ్బు మబ్బులాగే.
పుంతా అరేనాస్ చుట్టుపక్కల కొట్టాల్లో
నలభై ఏళ్లుగా కత్తెర పట్టిన ఎలెయుతేరియో.
కుర్రాళ్లు నవ్వారు.
ఒర్తెన్సియా నవ్వలేదు.
పళ్లెంలో ఎడమ సగం రొట్టె
మూడు పూటలుగా మిగిలిపోవడం ఆమె చూస్తూనే ఉంది.

స్కానులో, మెదడు కుడివైపు లోతున,
పాలు ఒలికినట్టు తెల్లటి మరక.
దానికి నేనింకా పేరు పెట్టకముందే
రాత్రి డ్యూటీ డాక్టరు, పాపం మంచివాడే,
వాపు తగ్గాలని స్టెరాయిడ్ ఎక్కించాడు.

పదో రోజుకి మరక లేదు.
ఎలెయుతేరియో రెండు పక్కలా కత్తిరించాడు.
నాకో ఉన్ని టోపీ తెచ్చాడు.
ఒర్తెన్సియా నా చెంప మీద ముద్దుపెట్టింది.
నేను మాత్రం ఆ ఖాళీ బొమ్మ ముందు
దొంగ తిని, కడిగి, బోర్లించి పోయిన గిన్నె ముందు
ఇల్లాలిలా నిలబడ్డాను.

వెన్నులోంచి తీసిన నీరు రెండుసార్లూ తేటగానే ఉంది.
నోరు విప్పలేదు.
కళ్లలోకి దీపం వేసి వెతికాం. అక్కడా లేదు.

మందు ఆపేద్దాం, అన్నాను.
అది తిరిగి రావాలి. వస్తేనే పట్టుకోగలం.
"బాగైనవాణ్ణి చెడగొట్టి చూస్తావా, డాక్టరమ్మా?"
దానికి నా చదువులో జవాబు లేదు.

ఈ ఊళ్లో గాలి ముదిరితే
మనుషులు పట్టుకు నడవడానికి వీధుల్లో తాళ్లు కడతారు.
ఆ ఏడు వారాలూ నేను
లేని తాడు పట్టుకునే నడిచాను.

ఫోను మోగింది.
"చొక్కాలో ఎడమ చెయ్యి దూర్చడం మర్చిపోయాడు."
ముందుగా నాకు కలిగింది ఊరట.
దాచుకోను, రాసిపెడుతున్నాను: ఊరట.

సూది. బియ్యపు గింజంత ముక్కలు మూడు.
శాంతియాగోకి విమానంలో వెళ్లాయి.
నాలుగో రోజు ఫోనులో పాథాలజిస్టు ఒఫేలియా వెంచూర్,
రోగి ఎవరో, ఏం పని చేస్తాడో ఏమీ తెలియని మనిషి,
"రక్తనాళం చుట్టూ మూగి ఉన్నాయి,
నీళ్లతొట్టి చుట్టూ గొర్రెల్లా" అంది.

లింఫోమా.
మెదడులోనే పుట్టి, ఆ గడప దాటనిది. అరుదైనది.
మందులున్నాయి, బరువైనవే, రేపే మొదలెడదాం
అని ఇంకా చెబుతూనే ఉన్నాను.

పేరు కాగితం మీద రాసివ్వమంది ఒర్తెన్సియా.
నీలం సిరాతో, అక్షరాలు విడివిడిగా రాశాను.
ఆమె దాన్ని రెండుసార్లు చదువుకుని
లేచి, మంచం చుట్టూ తిరిగి వెళ్లి
అతని కుడివైపున పెట్టింది,
కనబడేట్టు.