మసి లేని చక్రం

కోట్కా రేవులో, కాగితం గోదాము వెనక రేకుల షెడ్డులో
తైమి ఫోర్క్‌లిఫ్టులకు టైర్లు ఎక్కిస్తుంది.
ఎక్కించడమంటే బోల్టు బిగించడం కాదు.
నిండు రబ్బరు కడియాన్ని ఇనప చక్రం మీద పెట్టి
ఎనభై టన్నుల ప్రెస్సుతో దింపాలి.
దిగేటప్పుడది ఒక్కసారి మూలుగుతుంది.
ఆ మూలుగు వంకరగా వినిపిస్తే
తీసి, మళ్ళీ మొదలు.

నేను చేరిన తొలివారం
ఒక్కో టైరునీ బూటుతో తన్ని పరిచయం చేసింది:
"ఇది గాలిది. కలప యార్డుకి.
గులకరాళ్ళూ మంచుగడ్డలూ లెక్కలేదు దీనికి,
మేకు ఒక్కటి చాలు, ప్రాణం పోతుంది.
ఇదీ అలాగే కనిపిస్తుంది గానీ లోపలంతా రబ్బరే.
తుక్కు ఇనుము దగ్గర దీన్నే నమ్ము.
మేకు దిగితే దిగనీ,
కుదుపులు మాత్రం డ్రైవరు నడుము పద్దులో రాస్తుంది."

నున్నటి పొట్టి టైరు ఇరుకు సందుల్లో తిరగడానికి;
చదును నేల దాటించావా, అలిగి కూర్చుంటుంది.
తేనెరంగు పాలియురేతేన్‌ది చేపల శీతల గిడ్డంగికి.
ఎంత బరువైనా మోస్తుంది,
తడి కనిపిస్తే జారిపోతుంది, మా బాబాయిలాగా.

తెల్లది అన్నిటికన్నా ఖరీదు.
దాని రబ్బరులో మసి కలపరు.
మసి లేదు కనుక మచ్చ లేదు.
మసి లేదు కనుక ఆయుష్షూ తక్కువే.
కాగితం చుట్టల మధ్య తిరిగి తిరిగి
ఎక్కడ తిరిగిందో ఆనవాలు లేకుండా అరిగిపోతుంది.
ఇరవై ఆరేళ్ళుగా తైమి పని ఇదే,
ఆనవాలు లేకుండా చూడటం.

మే నెల మొదట్లో, మంచు కలిసిన వానలో
యార్డు డ్రైవరు ఓస్మో
నల్ల టైర్ల బండిని తిన్నగా గోదాములోకి తోలేశాడు.
తోలి, బ్రేకు తొక్కి, స్టీరింగు మొత్తం తిప్పేశాడు.
నేల మీద ఒక కాటుకపిట్ట,
మెడ కింద మసి పూసుకుని, తోక ఆడిస్తూ.

అది ఎగిరిపోయింది.
జానెడు వెడల్పు నల్ల చార మిగిలింది,
ఏమీ లేని చోటు చుట్టూ పక్కకి వంగి.

సూపర్వైజరు రీస్టో ద్రావకమిచ్చాడు, బ్రష్షిచ్చాడు.
తైమి మోకాళ్ళ మీద కూర్చుని రెండు గంటలు రుద్దింది.
చార చుట్టుపక్కలంతా అద్దంలా మెరిసింది.
చార అలాగే ఉంది.

"పోవట్లేదు," అంది రీస్టోతో, బ్రష్షు నా చేతికిస్తూ.
తిప్పి చూశాను.
దానికి ఎక్కడా నలుపు అంటలేదు.

ఇప్పుడు కొత్త డ్రైవర్లు అక్కడికొచ్చేసరికి
ఎందుకో కాస్త పక్కకి తిప్పుతారు.
వాళ్ళ తెల్ల చక్రాలు
ఆ సంగతి ఎక్కడా రాసిపెట్టవు.