పదిహేడో బిళ్ళ

మైపాడు సముద్రానికి ఆదివారం సెలవు లేదు,
నాకూ లేదు.
తొలి బస్సు ఇందుకూరుపేట దాటే యాళకి
నీలం పట్ట పరిచి, నాలుగు మూలలా ఇసక పోసి
కూర్చునుంటా.
పాత వల బెండ్లు కోసి చేసిన బిళ్ళలు,
గోళ్ళ రంగుతో మా చిన్నది రాసిన అంకెలు.
ఒకటి మీ చేతికి, దాని జత మీ మూటకి.
మూటకి పది రూపాయలు. చెప్పులకు లెక్క లేదు.
బిళ్ళ లేకపోతే మూట లేదు,
కలెక్టరొచ్చినా ఇదే మాట.

సంబరానికి దిగబోయే ముందు
మనుషులు ఏమేం తీసి పెడతారో
నాకు తెలిసినట్టు ఇంకెవురికి తెల్సు?
ట్రంకురోడ్డు బట్టల షాపు పిల్లకాయలు ఆరుగురు
ఒకే సంచిలో ఆరు ఫోన్లు.
పోలీసాయన బెల్టు ఇచ్చాడు, టోపీ ఇయ్యలా.
కొత్త పెళ్ళికూతురు గాజులు రెండుసార్లు లెక్కబెట్టి ఇచ్చింది,
మొగుడు నీళ్ళలోంచి పిలస్తానే ఉన్నాడు.
ములుమూడి పెద్దాయన రుమాల్లో చుట్టి
కట్టుడుపళ్ళే చేతిలో పెట్టాడు.
"పదిలం తల్లా, మొన్ననే కట్టించినయ్"
బోసినోట్లోంచి మాట కన్నా గాలే ఎక్కువొచ్చింది.

ఫోన్లు నా వొళ్ళో గిలగిలా కొట్టుకుంటాయి
పడవలో పోసిన కవళ్ళ మాదిరి.
ఒకదాని మీద పేరే "ఎత్తొద్దు".
నేనూ ఎత్తలా.

అవతల మస్తాన్ చేత్తో తిప్పే రంగులరాట్నం,
తుపాకీకి దొరకని బుడగలు,
బజ్జీల మూకుడు,
గుర్రం పేరు రాకెట్టు
నడవమంటే నిలబడుద్ది, ఫొటో అంటే మెడ తిప్పుద్ది.
వాలీబాల్ నెట్టు మా ఆయన చిరుగు వలే,
అద్దెకిచ్చాం.

మా మనిషి తెల్లారుజామున మూడింటికి దిగుతాడు ఇదే నీళ్ళల్లో.
కేరింతలు కొడతా దిగంగా నేనెప్పుడూ చూళ్ళా.
నేనూ దిగా, గంపలు కడగను, తాడు లాగను,
ఒకసారి బిడ్డ చెప్పు కొట్టుకుపోతే దానెనక.
ఊరికే దిగిందెప్పుడబ్బా?
ఏళ్ళు మడిచి చూశా, ఒక్క ఏలూ మడవలా.

బుచ్చిరెడ్డిపాళెం కబడ్డీ పిల్లలు పన్నెండుమంది
ఆ పూట నీళ్ళల్లో.
పదమూడోది జాస్మిన్,
కుడిచేతికి మోచెయ్యి దాకా సిమెంటు కట్టు,
కూత పెట్టి పెట్టి బొంగురుపోయిన గొంతు.
తడవకూడదని నా పట్ట అంచున కూర్చోబెట్టారు.
శెనక్కాయలు ఒంటి చేత్తో వొలస్తా అడిగింది:
"నువ్వెప్పుడూ మునగవా అత్తా?"
"మూటలెవురు చూస్తారే?"
"రైడర్నే పట్టేదాన్ని, మూటల్ని పట్టలేనా? పో."

నడుం సంచి విప్పి దానికిచ్చా,
తాళంచెవి, వక్కాకు తిత్తి.
అది డబ్బాలో వెతికి ఒక బిళ్ళ తీసింది.
పదిహేడు.
దాని జత పోయిన కార్తీక పున్నానికే సముద్రంలో పోయింది,
పారెయ్యబుద్ధిగాక ఉంచా.
"ఒంటిదైతే ఏం, పట్టుకో"
అని గుప్పిట్లో మూసింది.

చీలమండలు. మోకాళ్ళు.
ఆడ నిలబడదామనే అనుకున్నా.
కబడ్డీ పిల్లలు నా రెండు చేతులూ పట్టి
"కబడ్డీ కబడ్డీ కబడ్డీ" అంటా గీత దాటించారు.
అల నెత్తిన ఇరిగింది.
ముక్కులో ఉప్పు, కొప్పులో ఇసక,
ఎవురో పకపకా నవ్వతండారు,
ఎవురా అని చూస్తే
గొంతు నాదే.

తిరిగొచ్చి చెయ్యి చాపా.
"బిళ్ళ?" అంది జాస్మిన్.
గుప్పిట తెరిస్తే గవ్వ కూడా లేదు.
"బిళ్ళ లేకపోతే మూట లేదత్తా."
"నా సంచే అది!"
"కలెక్టరొచ్చినా ఇదే మాట."

మేం తగువాడతా ఉండంగానే
ములుమూడి పెద్దాయన వణుకుతా వొచ్చి నిలబడ్డాడు,
తొమ్మిదో నంబరు చాపి.
నా చీర కుచ్చిళ్ళలోంచి కారే నీళ్ళు చూశాడు,
నా మొకం చూశాడు,
పళ్ళు పెట్టుకోకముందే
నవ్వాడు.