అర్ధరాత్రి దాటాక

శుక్రవారంలోగా ఒక పేజీ రాసి తెమ్మంది న్యాగుతీ మేడమ్.
"మీరెందుకు రాస్తారు? ఎవరికోసం రాస్తారు?
సొంత మాటల్లో. అరువు సరుకు వద్దు."

నేను ఒకటిన్నర పేజీ నింపాను.
నిజం అన్నాను. అద్దం అన్నాను.
గొంతు లేనివాళ్ళకి గొంతునవుతానన్నాను.
ఆ వాక్యం కింద పెన్సిల్‌తో గీత గీసి
పక్కన చీమంత అక్షరాల్లో
"వాళ్ళు మాట్లాడుతున్నప్పుడు నువ్వెక్కడున్నావు?
వచ్చే శుక్రవారం మళ్ళీ రాయి" అంది.

కోపమొచ్చింది.
నేను డుంగా రేవులోనే ఉన్నాను కదా, ముందు వారం,
చెప్పుల్లోకి బురద దిగేదాకా.
గుర్రపుడెక్క రాత్రికి రాత్రే సరస్సుని కప్పేసింది.
మోటారు రెక్కలకి వేర్లు చుట్టుకుని
పడవ మూడు రోజులు కదల్లేదు, ఒడ్డు కనబడుతూనే.
నలుగురిలో ముగ్గురొచ్చారు.
రానివాడి పేరు
ఎండుచేపలు తిరగేస్తున్న ఒకామెనడిగి
అరచేతిలో రాసుకున్నాను, బస్సుకి టైమైపోతోందని.
అరచేతికి చెమట పడుతుందని
ఏ క్లాసులోనూ చెప్పలేదు.

కాలేజీ పత్రికలో మొదటి పేజీ.
నా పేరు లావుగా, నల్లగా, ఒక్క తప్పు లేకుండా.
లోపల అతని పేరు: ఎలీషా ఒవూర్.

అతను ఒడూర్.

ఒక్క అక్షరమే కదా, అన్నాడు ఎడిటర్ కిప్రోనో.
ఏడో పేజీలో ఫుట్‌బాల్ స్కోర్ల కింద సవరణ వేద్దాంలే.

నేను వెళ్ళాను. ఎందుకో ఇప్పటికీ తేల్చుకోలేను,
క్షమించమని అడగడానికా,
క్షమించారని రాసుకోడానికా.
డోర్సిలా అమ్మ స్టూలు వేసింది. టీ ఇచ్చింది, పంచదార ఎక్కువ.
గోడ మీద నా వార్త,
కత్తెరతో కోసి, గంజితో అతికించి.
ఆ పేరు మీద ఎవరో బడిపిల్లల పెన్నుతో దిద్దారు.

నేను మొంబాసా పిల్లని, లువో రాదు.
ఆవిడ నాకోసం స్వాహిలీలో, నెమ్మదిగా,
పాఠం చెప్పినట్టే చెప్పింది:
"ఒవూర్ అంటే అర్ధరాత్రి పుట్టినవాడు.
మావాడు అర్ధరాత్రి పుట్టలేదు.
అర్ధరాత్రికి నేనింకా అరుస్తూనే ఉన్నాను.
మంత్రసాని దీపంలో రెండోసారి కిరసనాయిలు పోసింది.
ఆ తర్వాత వచ్చాడు, కోడి కూయకముందు. ఒడూర్.
నేను పడ్డ ఆ కాసేపు
నీ పేపర్లో లేదమ్మా."

నోట్‌బుక్ తీయలేదు.
చెయ్యి సంచి దాకా వెళ్ళింది. అదే సిగ్గు.

మర్నాడు లైబ్రరీలో, క్యాంటీన్లో, హాస్టల్ మెట్ల మీద
మిగిలిన కాపీలు వెతికాను. నలభై మూడు.
నీలం ఇంకుతో ఒక్కొక్కటీ దిద్దాను.
గేటు దగ్గర చేపలు వేయించే ముసలాయన దగ్గర ఇంకో రెండు,
అప్పటికే పొట్లాలైపోయాయి.
నూనెకి తడిసి ఆ తప్పు పేరు
కాగితం అవతలి వైపుకీ కనబడుతోంది.

శుక్రవారం ఇచ్చిన పేజీలో ఇంతే ఉంది:
పేరు అడుగు. మళ్ళీ అడుగు.
ఆ పేరు పెట్టిన మనిషి బతికుంటే ఆ మనిషినే అడుగు.
బస్సు పోతే పోనీ.

పదికి ఆరు వేసింది మేడమ్.
"పేజీ నిండలేదు" అని ఎర్రగా.
అట్టడుగున మాత్రం పెన్సిల్‌తో, చీమంత అక్షరాల్లో,
"మరి ఇంటికెలా వెళ్ళావు?"

నడిచి, మేడమ్.
చాలాసేపు పట్టింది.